రాగిరేకు మీద ఊరు

మల్లేశ్వరంలో మా మిత్రుడొకాయన ఇంటి ముందుగదిలో ఒక బొమ్మ ఉంది. నల్లచెక్క చట్రం, లోపల తెల్లటి అట్ట, అట్ట మధ్యలో జానెడు వెడల్పున ఒక ఏటి ఒడ్డు. రెండు కొబ్బరిచెట్లు, ఒక పాత మండపం, నెత్తిన బిందెతో పోతున్న ఒక ఆడమనిషి. ఏ ఊరో రాసి లేదు. మిత్రుడిది మదనపల్లె దగ్గరి పల్లె. ఎప్పుడో ఉద్యోగానికని వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. రిటైరైన ఏడాది చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి ఈ బొమ్మ కొన్నాడు. వందేళ్లనాటి అసలైన ఎచ్చింగ్ అని చెప్పి అమ్మారట. ఇంటికి వచ్చినవాళ్లకు ముందు కాఫీ ఇస్తాడు, తర్వాత ఈ బొమ్మ చూపిస్తాడు.

పోయిన వానాకాలంలో నన్ను పిలిచి, "అన్నా, నువ్వు ఇట్లాంటివి చూస్తుంటావు గదా, దీని సంగతేందో చెప్పు" అన్నాడు. చట్రం విప్పి, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే అద్దంతో చూశాను. ఆకాశంలో నీలపు చుక్కలు, ఇసుకలో పసుపు చుక్కలు, చీరలో ఎర్రచుక్కలు, అన్నీ వరస తీరి ఉన్నాయి. అది ఎచ్చింగ్ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అచ్చయిన ఏదో రంగుల బొమ్మల పుస్తకంలోంచి కోసిన పుట. ఎడమ అంచున కత్తి ఆడిన జాడ కూడా తెలుస్తోంది. ఉన్నమాట చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే దీన్ని గోడ మీంచి దించేయాల్సిందేనా?" అన్నాడు.

ఆ పూట నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. బొమ్మ అసలుదా, నకలా అన్నది మొదటిది. దానికి భూతద్దం చాలు. ఊళ్ల బొమ్మలను, ఏళ్లనాటి కొండల బొమ్మలను, నదుల బొమ్మలను మనం ఎందుకు కూడబెట్టుకుంటాం, ఏం చూసి కూడబెట్టాలి అన్నది రెండోది. దానికి కొంచెం ఆలోచన కావాలి.

మొదటి ప్రశ్నతోనే మొదలుపెడదాం. నున్నగా మెరుగుపెట్టిన రాగిరేకు మీద మైనమూ గుగ్గిలమూ తారూ వంటివి కలిపిన పూత పూస్తారు. దాని మీద సూదితో బొమ్మ గీస్తే గీత పడినచోట పూత లేచిపోయి రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ఉంచితే ఆమ్లం ఆ గీతల వెంటే రాగిని తింటుంది. పలచగా ఉండవలసిన గీతలకు మధ్యలో వార్నిష్ అద్ది ఆపేస్తారు, నల్లగా రావలసినవాటిని మళ్లీ ముంచుతారు. తర్వాత పూత తుడిచేసి, గీతల్లో సిరా నింపి, పైన ఉన్న సిరాను గుడ్డతోనూ అరచేతితోనూ తుడిచి, తడిపిన కాగితం పరిచి, రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు. కాగితం గీతల్లోకి దిగి సిరాను పైకి తెస్తుంది. అదే ఎచ్చింగ్. ఆమ్లం లేకుండా సూదితోనే రాగిని గీరితే డ్రైపాయింట్. గుగ్గిలం పొడి చల్లి నీడలు తెప్పిస్తే ఆక్వాటింట్. రాతి మీద జిడ్డు సిరాతో గీసి తీసేది లితోగ్రాఫ్. కొయ్య చెక్కి తీసేది వుడ్‌కట్.

అందువల్ల అసలైన ఎచ్చింగ్‌కు కొన్ని గుర్తులుంటాయి. గీత మీద వేలు పెడితే సిరా కొంచెం ఉబ్బుగా తగులుతుంది. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకున్న పల్లం కనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దం చివరినుంచి చాలామంది చిత్రకారులు కింద పెన్సిలుతో సంతకం చేయడం అలవాటు చేసుకున్నారు. ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. రేకు మీద గీసినది కాగితం మీద తిరగబడుతుంది. విస్లర్ వెనిస్ నగరానికి ఎదురుగా నిలబడి నేరుగా రేకు మీదే గీశాడు గనుక ఆయన వెనిస్‌లో కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. కొన్నవాళ్లెవరూ అందుకు తప్పు పట్టలేదు. ఊరి పటం కావలసినవాళ్లకు సర్వే ఆఫీసు ఉంది. బొమ్మ కొనేవాళ్లకు కావలసింది ఒక మనిషి ఆ ఊరిని చూసిన చూపు.

ఆ చూపు ఎవరిది, ఎక్కడ నిలబడి చూసినది అన్నదే ఈ బొమ్మల మీద మనం వేయవలసిన అసలు ప్రశ్న.

మన బెంగుళూరునే తీసుకోండి. ఈ ఊరి తొలి ముద్రాచిత్రాలు ఫిరంగుల వెంట వచ్చాయి. 1791 మార్చి 21 రాత్రి కారన్‌వాలిస్ సైన్యం ఇక్కడి కోటను పట్టుకుంది. ఆ దండయాత్రలో సైన్యం వెంట తిరిగిన చిత్రకారుడు రాబర్ట్ హోమ్ బొమ్మలు 1794లో 'సెలెక్ట్ వ్యూస్ ఇన్ మైసూర్' అనే పుస్తకంగా వచ్చాయి. ఫిరంగి దళంలో లెఫ్టినెంటుగా పనిచేసిన జేమ్స్ హంటర్ 1792లోనే చనిపోయాడు. ఆయన వేసిన బొమ్మల్లో నలభైని లండన్‌లో ఎడ్వర్డ్ ఓర్మ్ ఆక్వాటింట్లుగా మార్చి, 1805 నాటికి పుస్తకం చేశాడు. ఈ రెండు పుస్తకాలూ అందమైనవే. హంటర్ ఆకాశాలు మరీ అందమైనవి. కానీ వాటిలో కనిపించేవి కోట వాకిళ్లు, బురుజులు, కందకాలు, టిప్పు మహలు. మనుషులు గోడ ఎంత ఎత్తో తెలియడానికి నిలబెట్టినట్టు చిన్నచిన్నగా ఉంటారు. కోటకు ఆనుకునే ఉన్న పేటలో మగ్గం నేసినవాళ్లు, అంగడి పెట్టినవాళ్లు, వాళ్లలో తెలుగు మాట్లాడినవాళ్లు ఎందరో ఉండేవారు. బొమ్మ గీసినవాళ్లకు వాళ్లతో పనిలేదు. గెలిచిన ఊరిని గెలిచినవాడు ఎట్లా చూస్తాడో ఆ బొమ్మలు అట్లా చూస్తాయి. వాటిని గోడకు వేలాడదీసేవాళ్లు ఈ సంగతి తెలిసి వేలాడదీయాలి. తెలిసినంత మాత్రాన వాటి అందం తగ్గదు.

ఆ తర్వాత నూరేళ్లకు ఈ ఊరి బొమ్మలు పోస్టుకార్డుల మీదికి వచ్చాయి. హిగ్గిన్‌బాథమ్స్ వంటి పుస్తకాల కంపెనీలు కబ్బన్ పార్కు, అఠారా కచేరి, సౌత్ పరేడ్, లాల్‌బాగ్ అద్దాల మేడ కార్డులు వేయించి అమ్మాయి. ఆ రోజుల్లో మన దేశపు కార్డులు చాలావరకు జర్మనీలో అచ్చయ్యేవి. ఫోటోకు రంగులు అద్దిన కార్డులవి. ఇవాళ పాత పుస్తకాల అంగళ్లలో వెతికేవాళ్లకు ఎక్కువగా దొరికేవి ఇవే. అసలైన ఎచ్చింగ్ కొనలేని మధ్యతరగతివాడు వీటితో మొదలుపెట్టడంలో తప్పు లేదు. పైగా కార్డు వెనక ఎవరో ఎవరికో రాసిన నాలుగు ముక్కలుంటాయి. అయినా వీటిలోనూ కనిపించేది ఎక్కువగా కంటోన్మెంటే, దొరల వీధులే. పాల్ ఫెర్నాండెజ్ ఈ మధ్యకాలంలో పాత బెంగుళూరు మీద వేసిన నవ్వుపుట్టించే బొమ్మల నకళ్లు ఇక్కడ చాలామంది ఇళ్లలో ఉన్నాయి. అవి నాకూ ఇష్టం. వాటిలో కూడా ఎక్కువ జ్ఞాపకాలు కంటోన్మెంటు వైపువే. చిక్కపేటకు, బళేపేటకు, అవెన్యూ రోడ్డుకు తమ చిత్రకారుడు ఇంకా బాకీ ఉన్నాడు.

ఇరవయ్యో శతాబ్దపు తొలి ముప్పై ఏళ్లు ఎచ్చింగ్‌కు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ గొప్ప కాలం. ఫోటోగ్రఫీ వచ్చాక బొమ్మను నకలు తీసే పని నుంచి రాగిరేకుకు విడుదల దొరికింది. రేకు మీదే ఆలోచించే చిత్రకారులు వచ్చారు. 1880లో లండన్‌లో వాళ్ల సంఘం ఏర్పడింది. 1910లో షికాగో సంఘం మొదలైంది. 1920ల్లో కొనేవాళ్ల పోటీ ఎంతగా పెరిగిందంటే, కొందరు ఎచ్చింగ్‌లను కంపెనీ వాటాల్లాగా కొని దాచారు. 1929లో అమెరికా వాటాల బజారు కూలినప్పుడు వీటి ధరలూ దానితోబాటే కూలిపోయాయి. ధర చూసి కొన్నవాళ్ల దగ్గర చివరికి కాగితం మిగిలింది. బొమ్మ చూసి కొన్నవాళ్ల దగ్గర బొమ్మ మిగిలింది. ఆ పాఠం ఇవాళ్టికీ పాతబడలేదు.

ఆ కాలపు వాళ్లలో ముగ్గురిని పక్కపక్కన పెట్టి చూస్తే ఊరిని చూడడంలో ఎన్ని తీర్లున్నాయో తెలుస్తుంది.

మొదటివాడు మ్యూర్‌హెడ్ బోన్. 1905 డిసెంబరులో లండన్ చేరింగ్ క్రాస్ రైల్వేస్టేషను పైకప్పు కూలిపోయింది. మరమ్మతు కోసం లోపల కట్టిన బ్రహ్మాండమైన కొయ్య పరంజాను బోన్ 1906లో డ్రైపాయింట్‌గా వేశాడు. అదే ఏడాది పడగొడుతున్న సెయింట్ జేమ్స్ హాలును కూడా వేశాడు. కట్టిన భవనాలను అందరూ వేస్తారు. ఈయన కూలుతున్నవాటిని, మళ్లీ లేస్తున్నవాటిని వేశాడు. దుంగలు, తాళ్లు, ధూళిలో పడే వెలుగు, ఆ మధ్యలో పనివాళ్లు. ఊరంటే ఎప్పుడూ పూర్తికాని పని అని ఈ బొమ్మలు చూస్తే అర్థమవుతుంది.

రెండోవాడు ఎర్నెస్ట్ లమ్స్‌డెన్. ఎడింబరోలో పాఠాలు చెప్పిన ఈయన 1912 నుంచి 1927 దాకా పలుమార్లు మన దేశం వచ్చాడు. ఆయన రేకుల్లో పెద్ద వాటా ఇక్కడివే. అందులోనూ కాశీ ఘట్టాలే ఎక్కువ. 1925లో 'ది ఆర్ట్ ఆఫ్ ఎచ్చింగ్' అనే పుస్తకం కూడా రాశాడు. ఆ పని నేర్చుకునేవాళ్లు దాన్ని ఇప్పటికీ చదువుతారు. ఎండను చూపించాలంటే ఏమీ గీయకుండా కాగితాన్ని వదిలేయాలని తెలిసినవాడు ఆయన. గొడుగుల కింద నీడ, మెట్ల అంచు, పడవ, తక్కినదంతా ఖాళీ. ఆ ఖాళీలో మన మధ్యాహ్నం ఉంటుంది. ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. మనుషులను గుంపుగా ఎంత బాగా చూశాడో ఒక్కొక్కరుగా అంత బాగా చూడలేదు. దూరంనుంచి వచ్చినవాడి మర్యాద అందులో ఉంది, చనువు లేదు.

మూడోవాడు జపాను చిత్రకారుడు హిరోషి యోషిదా. ఈయనది రాగి కాదు, కొయ్య. 1930 చివర్లో కొడుకును వెంటపెట్టుకుని వచ్చి, తిరిగివెళ్లాక తాజ్‌మహలు, కాశీ, ఉదయపురం, అజంతా, సాంచీ, మదుర వంటి చోట్ల బొమ్మలు వేశాడు. ఒకే చెక్కడానికి రంగులు మార్చి పగలు ఒకటి, రాత్రి ఒకటి తీయడం ఆయనకు ఇష్టం. అచ్చుపనిని తానే దగ్గరుండి చేయించిన ప్రతులకు జపాను అక్షరాల్లో 'జిజూరి' అనే ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఉన్నదా లేదా అని కొనేవాళ్లు ఇప్పటికీ మొదట అంచులోనే వెతుకుతారు. ఆయన తాజ్‌మహలును చూసినంతసేపు మనకు అది కట్టడమనే గుర్తుండదు, ఒక పొద్దుగా కనిపిస్తుంది. అయితే ఆయన దేశంలో దుమ్ము ఉండదు. మన ఊళ్లను తలస్నానం చేయించి చూపించినట్టుంటుంది.

ఈ ముగ్గురి బొమ్మలూ చూసిన తర్వాత బెంగుళూరు వీధుల్లో తిరిగితే మనసుకు కష్టంగా ఉంటుంది. మహాత్మాగాంధీ రోడ్డు మీద 2011 అక్టోబరు 20న మెట్రో రైలు నడక మొదలైంది. ఆ దారికోసం ప్లాజా సినిమాహాలు పోయింది, రోడ్డు పక్కన చెట్లనీడన ఉన్న నడకబాట రూపు మారిపోయింది. రైలు వద్దని ఎవరూ అనరు, నేనూ రోజూ అందులోనే వెళ్తాను. ఆ రోజుల్లో తీసిన ఫోటోలు చాలా ఉంటాయి. కానీ ఆ స్తంభాలు లేస్తున్నప్పుడు ఎదురుగా వారాల తరబడి నిలబడి, దేన్ని ఉంచాలి, దేన్ని వదలాలి అని తేల్చుకుని రాగి మీద గీసిన ఒక్క బోన్ ఈ ఊరికి ఉంటే ఎంత బాగుండేది! మనమెల్లా పోగొట్టుకున్నదే కాక, పోగొట్టుకోవడం ఎట్లా జరిగిందో కూడా మన పిల్లలు చూసి ఉండేవారు.

ఇక మన తెలుగు నేల సంగతి. చెప్పాలంటే కొంచెం బాధగా ఉంటుంది. నా చేతికి వచ్చిన ఆ కాలపు ముద్రాచిత్రాల్లో కాశీ ఉంది, ఆగ్రా ఉంది, మదుర ఉంది. గోదావరి లేదు, కృష్ణ లేదు, పెన్న లేదు. పరాయివాళ్లు మన దారిన రాలేదని సరిపెట్టుకోవచ్చు. మనవాళ్లు ఎందుకు చేయలేదు?

చేసేవాళ్లు లేక కాదు. 1916లో ఠాగూరు వెంట జపానుకు, అమెరికాకు వెళ్లిన ముకుల్ దే షికాగోలో ఎచ్చింగ్ నేర్చుకుని వచ్చి బెంగాలులో ఆ విద్యకు దారి వేశాడు. 1928లో కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలకు తొలి భారతీయ ప్రిన్సిపాలు అయ్యాడు. వుడ్‌కట్‌లో ఆరితేరిన రమేంద్రనాథ్ చక్రవర్తి కొంతకాలం మన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలోనే పాఠాలు చెప్పారు. ప్రమోద్‌కుమార్ చటర్జీ అక్కడే ఉండి అడివి బాపిరాజు వంటివారిని తయారుచేశారు. రాజమండ్రిలో ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే చేయి పట్టుకుని నడిపించిన దామెర్ల రామారావు బొంబాయిలో చదివి వచ్చి, 1923లో సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టారు. గోదావరి ఒడ్డును, తెలుగు ఆడవాళ్ల నిలుపును ఆయన చూసినట్టు అంతకుముందు ఎవరూ చూడలేదు. 1925లో మశూచికం వచ్చి ఇరవై ఎనిమిదో ఏట పోయారు. ఆయన వేసినవన్నీ ఒక్కో ప్రతి ఉన్న రంగుల చిత్రాలు. అవి రాజమండ్రి చిత్రశాలలో ఉన్నాయి. వెళ్లినవాడికి కనిపిస్తాయి, వెళ్లనివాడికి లేవు. ఆయనే ఒక పది రేకులు చెక్కి ఉంటే గోదావరి ఒక్కో రేకుకు యాభై ఇళ్లలో పారి ఉండేది.

ఈ మాట మన ఊరి చిత్రకారుడు వెంకటప్పగారికీ వర్తిస్తుంది. అవనీంద్రనాథ ఠాగూరు దగ్గర చదువుకుని వచ్చి, ఊటీ, కొడైకెనాల్ కొండల మీద మంచును, ఎండను నీటిరంగుల్లో పట్టుకున్న మహానుభావుడాయన. ఒక్కో కాగితం మీద తపస్సు చేసినట్టు పనిచేశారు. కస్తూర్బా రోడ్డులో ఆయన పేర చిత్రశాల వెలిసింది. సామాన్యుడి గోడ మీదికి మాత్రం ఆయన కొండలు రాలేదు.

ముద్రాచిత్రం గొప్పదనం ఇదే. అది పుట్టుకతోనే పలువురిది. యాభై ప్రతులుంటే యాభైయీ అసలువే. ఒక రాజుగారో ఒక మ్యూజియమో దాన్ని మొత్తంగా సొంతం చేసుకోలేరు. ప్రతుల సంఖ్యకు హద్దు పెట్టడం మొదట రేకు అరిగిపోతుందనే కారణంతో వచ్చింది. డ్రైపాయింట్ గీత అంచు కొద్ది ప్రతులకే నలిగిపోతుంది. రాగికి ఉక్కుపూత పూయడం వచ్చాక ఆ భయం తగ్గింది, అయినా హద్దు మిగిలింది. ఇవాళ చాలామంది అంకెను చూసి కొంటున్నారు. అంకె అమ్మేవాడి లెక్క. మనం గీతను చూడాలి.

మన ఇళ్లలో ముద్రాచిత్రాలు లేవని అనుకోకండి. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టినప్పటినుంచి లక్ష్మీ సరస్వతులు మన గోడలకు వచ్చారు. అవి లితోగ్రాఫులే. దేవుళ్ల పటాల మధ్యన ఒక ఊరి బొమ్మ కూడా ఉండేది, మనం దాన్ని ఊరి బొమ్మగా గుర్తించలేదు. తిరుపతి వెళ్లివచ్చినవాళ్లు తెచ్చుకునే పటంలో స్వామి వెనక ఏడుకొండలు, మెట్లదారి, గోపురం, కోనేరు ఉంటాయి. కాశీ నుంచి తెచ్చుకున్న పటంలో గంగ, ఘట్టాలు, పడవలు ఉంటాయి. లమ్స్‌డెన్ రేకు మీదికి ఎక్కించిన ఘట్టాలే అవి. చూపులో నైపుణ్యం తక్కువ కావచ్చు, చనువు మాత్రం నిండుగా ఉంది. తాను ఎక్కి దిగిన మెట్లను మనిషి గోడ మీద పెట్టుకున్నాడు. ఊరి బొమ్మను దాచుకోవడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తట్టదు.

ఇక్కడ నా ఇంటి దొంగతనం ఒకటి ఒప్పుకోవాలి. మా తాతగారి గదిలో ఒక గోదావరి దృశ్యం ఉండేది. పడవ, తెరచాప, అవతల కొండలు. చిన్నప్పుడు నేను గోదావరిని చూసింది ఆ పటంలోనే. పెద్దయ్యాక ఇల్లు ఖాళీచేస్తూ పటం విప్పితే వెనకవైపు అచ్చక్షరాలు కనబడ్డాయి. అది 'భారతి' పుట. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1924లో మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రిక త్రివర్ణ చిత్రాలను ప్రత్యేకంగా వేసేది. సంచికలు వరసగా కట్టించి దాచుకున్న మా తాతగారు ఆ ఒక్క పుటను మాత్రం కత్తిరతో కోసి పటం కట్టించారు. తర్వాత వెతికితే, ఆ సంచికలో కోసిన చోటు సన్నటి అంచుగా మిగిలే ఉంది.

అంటే మల్లేశ్వరం మిత్రుడికి బొమ్మ అమ్మినవాడు చేసిందే మా తాతగారూ చేశారు. తేడా ఏమిటని చాలా రోజులు ఆలోచించాను. ఎ. అండ్ సి. బ్లాక్ కంపెనీ 1905లో విస్లర్ శిష్యుడు మోర్టిమర్ మెన్‌పెస్ బొమ్మలతో 'ఇండియా' అనే పుస్తకం, 1914లో మద్రాసు గవర్నరు భార్య లేడీ లాలీ బొమ్మలతో 'సదరన్ ఇండియా' అనే పుస్తకం వేసింది. రంగుల బొమ్మలు మొదటిదాంట్లో డెబ్బై అయిదు, రెండోదాంట్లో యాభై. ఇలాంటి పుస్తకం నిండుగా ఉంటే ఒక ధర, విడగొట్టి పుటకింత అని అమ్మితే దానికి ఎన్నో రెట్లు. అందుకే కత్తి పడుతుంది. మా తాతగారు అమ్ముకోవడానికి కోయలేదు, రోజూ చూసుకోవడానికి కోశారు. అయినా సంచికకు తగిలిన దెబ్బ దెబ్బే. ఆ పుట వెనక ఎవరి వ్యాసం తెగిపోయిందో ఆయన చూసుకోలేదు. ప్రేమ కూడా కత్తిర పట్టుకోవచ్చునని నాకు ఆ రోజు తెలిసింది.

కాబట్టి కూడబెట్టాలనుకునే మన పాఠకులకు నేను చెప్పగలిగినది ఇంత. నిండు పుస్తకం దొరికితే కోయకండి, కోసి ఇమ్మని అడగకండి. మీరు అడగడం మానితే కోసేవాడూ మానతాడు. ఇప్పటికే విడిపోయిన పుట దొరికితే దానిమీద కోపం పెట్టుకోకండి, కొనండి, కానీ పుట ధరకే కొనండి. భూతద్దంలో చుక్కలు వరసగా కనిపిస్తే అది యంత్రపు అచ్చు. రేకు పల్లం కనిపించాలి గనుక అంచులు కత్తిరించవద్దు. వెనక చెక్క పలక, చవక అట్ట పెట్టిస్తే నాలుగేళ్లలో కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది, ఆమ్లం లేని అట్ట అడగండి. జిగురు టేపు తగలనీయకండి. బెంగుళూరు వానాకాలంలో బయటిగోడకు నీటి చెమ్మ పడుతుంది, లోపలి గోడకు తగిలించండి, ఎండ నేరుగా పడనీయకండి. ముందు కళ్లకు అలవాటు కావాలంటే ఇక్కడే చోట్లున్నాయి. 2009లో మాణిక్యవేలు భవనంలో తెరిచిన జాతీయ ఆధునిక కళాశాల, 2023లో కస్తూర్బా రోడ్డులో తెరిచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ, కుమారకృపా రోడ్డులోని చిత్రకళా పరిషత్తు. పరిషత్తు బయట ఏటా జరుగుతున్న చిత్రసంతెలో కుర్ర చిత్రకారులు తమ ముద్రాచిత్రాలను కూడా తెచ్చి పెడతారు. నూరేళ్లనాటిది దొరకలేదని బాధపడే బదులు, నూరేళ్ల తర్వాత ఎవరో వెతకబోయేదాన్ని ఇవాళ కొనవచ్చు.

మన నేల రేకు మీదికి రాలేదని పైన బాధపడ్డాను. ఆలస్యంగానైనా వచ్చింది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ బరోడాలో చదివి, ఎచ్చింగ్‌ను తన చేతి భాష చేసుకున్నారు. ఆయన రేకుల్లో మేకలు, రాళ్లగుట్టలు, పల్లె మగవాళ్లు, పల్లె ఆడవాళ్లు, వాళ్ల శరీరాల ఆకలి, ఏదీ దాపరికం లేకుండా ఉన్నాయి. కొందరికి ఆ బొమ్మలు ముందుగదిలో పెట్టుకోదగినవి అనిపించవు. కానీ కోట గోడ పక్కన కొలతకు నిలబెట్టిన బొమ్మలు కారు వాళ్లు. హంటర్ చూపు నుంచి లక్ష్మాగౌడ్ చూపు దాకా రావడానికి నూట డెబ్బై ఏళ్లు పట్టింది. ఊరిని చూసేవాడు ఊరిలోవాడైతే ఏం జరుగుతుందో ఆ రేకులు చెబుతాయి.

దసరా సెలవుల్లో మళ్లీ మల్లేశ్వరం వెళ్లాను. బొమ్మ గోడ మీదే ఉంది. "దించొద్దు. వెనకాల ఉన్నమాట రాసిపెట్టు" అని చెప్పాను. మిత్రుడు చట్రం తిప్పి, వెనక అతికించడానికి ఒక కాగితం తీసుకుని తెలుగులో రాశాడు: "ఇది ఎచ్చింగ్ కాదు. నూరేండ్ల కిందటి పుస్తకంలోంచి కోసిన పుట. మూడు రంగుల అచ్చు. మా ఊరి ఏరు మాదిరి ఉందని కొన్నాను." కింద తేదీ వేశాడు.

మనవరాలు పక్కనే ఉంది. ఇక్కడే పుట్టిన పిల్ల. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బడిలో చదివేది కన్నడం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు ఎవరూ నేర్పలేదు. కాగితం చేతిలోకి తీసుకుని, తలకట్టు వేరుగా ఉన్నా కన్నడపు అక్షరాల పోలికతో ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివింది. రెండు మూడు చోట్ల తాత సాయం చేశాడు. చివరి వాక్యం దాకా వచ్చి, "తాతా, మన ఊళ్లో ఏరు ఉందా?" అని అడిగింది.

"ఉండింది" అన్నాడాయన.